పాత లగ్జరీ కారు కొనడం, దాన్ని చెడగొట్టకుండా బాగుచేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

రేణిగుంట రోడ్డులో మా షెడ్డు ముందు ఆగి లోపలికి తొంగిచూసేవాళ్లలో సగం మంది అడిగేది ఒకటే: "ఇది నడుస్తుందా సామీ?" నడుస్తుంది. మిగతా సగం మంది అడిగేవి ఇక్కడ రాసిపెట్టాను. నేను డీలర్‌ని కాదు, మెకానిక్‌నీ కాదు. పిచ్చి పట్టి నాలుగు బండ్లు చేయించాను. అందులో ఒకదాన్ని బాగుచేస్తున్నాననుకుంటూ పాడుచేశాను. ఆ కథ కింద వస్తుంది.

వింటేజ్, క్లాసిక్ రెండూ ఒకటేనా?

మాటల్లో అందరూ కలిపేస్తారు గానీ ఒకటి కావు. బ్రిటిష్ క్లబ్బుల లెక్కలో 1919 నుంచి 1930 దాకా తయారైనదే వింటేజ్. అంతకు ముందువి వెటరన్, ఎడ్వర్డియన్ బండ్లు. 1930 దాటినవాటికి పోస్ట్ వింటేజ్, క్లాసిక్ అని రకరకాల పేర్లున్నాయి, వాటి గీతలు ఒక్కో క్లబ్బుకు ఒక్కోలా ఉంటాయి. మన ప్రభుత్వానికి ఈ గొడవ లేదు. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉంటే చాలు, అది వింటేజే. ఆ లెక్కన మీ తాతగారి అంబాసిడర్ కూడా వింటేజ్ కావచ్చు. లగ్జరీ అవునా కాదా అన్నది మీ తాతగారు చెప్పాలి.

మన తిరుపతి, చిత్తూరు వైపు ఇలాంటి కార్లు ఇంకా దొరుకుతాయా?

అరుదుగా. కార్వేటినగరం, పుంగనూరు, వెంకటగిరి లాంటి సంస్థానాలున్న ప్రాంతం కదా, ప్రతి పాత బంగళా వెనకా ఒక రోల్స్ రాయిస్ దాక్కుని ఉంటుందని బయటివాళ్ల ఊహ. మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చింది. ఎస్టేట్లు పోయాక గ్యాలన్లకు గ్యాలన్లు తాగే బండిని పోషించే స్తోమత చాలా ఇళ్లలో లేకపోయింది. కొన్ని చేతులు మారాయి, కొన్ని పాత ఇనుముకు పోయాయి. ఇప్పుడు దొరికేవి ఎక్కువగా రైసు మిల్లుల యజమానులు, డాక్టర్లు, కాంట్రాక్టర్లు 1940, 50ల్లో కొన్న డాడ్జ్, ప్లిమత్, షెవ్రొలే, బ్యూయిక్, కొన్ని మెర్సిడెస్ బెంజ్‌లు. అవి కూడా నోటి మాట మీదే బయటికొస్తాయి. ఫలానా ఊళ్లో మామిడి తోటలో టార్పాలిన్ పట్టా కింద ఏదో ఉందంట అని ఎవరో చెబుతారు. పది సార్లు వెళితే తొమ్మిది సార్లు అది ట్రాక్టరే.

మన వైపు బండ్లకు ఒక మంచి గుణం ఉంది. సముద్రపు గాలి తగలనివి కాబట్టి మద్రాసు బండ్లంత తుప్పు ఉండదు. బదులుగా చెదలు, ఎలుకలు ఉంటాయి. రేకు బాగుంది కదా అని సంబరపడి తలుపు తీస్తే, బాడీ లోపలి చెక్క చట్రం పొడిపొడిగా రాలిన బండి నేను చూశాను.

మొదటి బండిగా రోల్స్ రాయిస్ కొనొచ్చా?

డబ్బుంటే కొనొచ్చు. కానీ రెండో ప్రపంచ యుద్ధానికి ముందు రోల్స్ రాయిస్ పూర్తి కారు అమ్మేది కాదన్న సంగతి ముందు తెలుసుకోండి. ఛాసిస్ (బండి అడుగు చట్రం), ఇంజన్, రేడియేటర్ కంపెనీవి. బాడీని బార్కర్, హూపర్, పార్క్ వార్డ్ లాంటి కోచ్‌బిల్డర్లు కొనుగోలుదారు కోరినట్టు కట్టేవాళ్లు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం గారి పసుపుపచ్చ సిల్వర్ ఘోస్ట్ చూస్తే అర్థమవుతుంది, ఆ బాడీ బార్కర్ వాళ్లది. అంటే ఛాసిస్ అసలుదై, బాడీ తర్వాతెప్పుడో ఎవరో కట్టినదై ఉండొచ్చు. ధరలో తేడా అక్కడే వస్తుంది. అది పట్టుకోవడం కొత్తవాళ్ల వల్ల కాదు.

మొదటి బండిగా నేనైతే 1940ల చివరి, 1950ల మొదటి డాడ్జ్ గానీ ప్లిమత్ గానీ చూడమంటాను. ముంబైలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు క్రైస్లర్ కంపెనీతో ఒప్పందం మీద వీటిని బిగించి అమ్మారు. డాడ్జ్, ప్లిమత్, డిసోటో మూడూ ఒక తల్లి పిల్లలే, వాటి ఫ్లాట్‌హెడ్ (వాల్వులు సిలిండర్ల పక్కన ఉండే పాత రకం) ఆరు సిలిండర్ల ఇంజన్లు దగ్గరి చుట్టాలు. ఒకదాని సామాను ఇంకోదానికి చాలావరకు పడుతుంది. బ్యూయిక్ వరుస ఎనిమిది సిలిండర్ల ఇంజన్ వినడానికి స్వర్గంలా ఉంటుంది, రిపేరుకు వస్తే నరకం. నా దగ్గరున్నది అదే.

కొనకముందు ఒకసారి కోయంబత్తూరులో జీడీ నాయుడు గారి పేరు మీదున్న జీడీ కార్ మ్యూజియం, శ్రీరంగపట్నం దగ్గరి పయణ మ్యూజియం చూసి రండి. తలుపు ఎలా పడుతుందో, బోనెట్ గీత ఎలా సాగుతుందో కంటికి అలవాటైతే, రేపు ఎవడో అతికించిన బండి చూడగానే ఏదో తేడాగా ఉందని అనిపిస్తుంది.

బండి చూడ్డానికి వెళితే ముందు ఏం చూడాలి?

కాగితాలు. అమ్మేవాడు కాణిపాకంలో ప్రమాణం చేస్తానన్నా సరే, ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు మీ కళ్లతో చూసి ఆర్సీతో పోల్చకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసుకోండి, ఆర్టీవో ఆఫీసులో చేసినట్టే. అంకెలు ఒకే లోతులో, ఒకే వరుసలో ఉన్నాయా? చుట్టూ గ్రైండింగ్ గీతలున్నాయా? నంబరు ప్లేటు రివెట్లు పాతవేనా, నిన్న కొట్టినవా?

తర్వాత రేకు. పలుచటి గుడ్డ చుట్టిన అయస్కాంతం పట్టుకెళ్లండి. అతుక్కోని చోట కింద పుట్టీ ఉన్నట్టు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కోచ్‌బిల్డర్లు కట్టిన బాడీల్లో చాలావాటికి అల్యూమినియం రేకు వాడారు. దానికి అయస్కాంతం ఎక్కడా అతుక్కోదు. అంతా పుట్టీయే అని మంచి బండిని వదిలేసిన పెద్దమనిషి ఒకాయన నాకు తెలుసు. ఆయన ఇప్పటికీ ఆ మాట ఎత్తితే లేచి వెళ్లిపోతాడు.

తలుపులన్నీ ఒకటికి రెండుసార్లు తెరిచి మూయండి. ఎత్తితేగానీ మూసుకోని తలుపు ఉంటే లోపలి చెక్క పోయిందనో, ఛాసిస్ వంగిందనో అనుమానించాలి. సీట్ల కింద, కాళ్ల దగ్గర మ్యాట్ ఎత్తి చూడండి. ఇంజన్ ఆయిల్ పుల్ల తీస్తే మజ్జిగలా తెల్లగా ఉంటే ఆయిల్లో నీళ్లు కలిశాయి.

ఇంజన్ స్టార్ట్ కాకపోతే భయపడకండి. ఇంజన్ చేయించొచ్చు. మాయమైన హెడ్‌లైటు రింగు, స్పీడోమీటరు, బోనెట్ మీది బొమ్మ, తలుపు హ్యాండిల్ వెతికి తేవడానికి ఏళ్లు పడుతుంది. చెడిపోయిన సామాను కంటే లేని సామానే ఖరీదు. నా లెక్కలో నడిచే బండికన్నా, నడవకపోయినా అన్నీ ఉన్న బండే మేలు.

ఆర్సీ లేదు, లేదా పాత మద్రాసు నంబరుంది. ఏం చేయాలి?

మద్రాసు నంబరుంటే కంగారు పడొద్దు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే. ఆ తర్వాత కూడా 1960లో తిరుత్తణి వైపు మద్రాసు రాష్ట్రానికి (ఇప్పటి తమిళనాడుకు) వెళ్లింది. అందుకని మన బండ్ల రికార్డులు ఎక్కడెక్కడో ఉంటాయి. పాత ట్యాక్స్ రసీదు, ఇన్సూరెన్స్ కాగితం, ఇంటి ముందు తీసిన పెళ్లి ఫోటోలో కనిపించే నంబరు ప్లేటు, ఏదైనా దాచండి. చరిత్ర నిరూపించడానికి అన్నీ పనికొస్తాయి.

అసలు ఏ కాగితమూ లేకపోతే? నేను కొనను. "మన ఆర్టీవో ఆఫీసులో తెలిసినవాళ్లున్నారు, చేయిస్తాను" అని బ్రోకరు అంటే, కాగితాలు చేయించి తెచ్చాకే డబ్బిస్తానని చెప్పండి. తర్వాత అతని ఫోను మోగదు.

యజమాని చనిపోయి ఉంటే వారసులందరి సంతకాలు తీసుకోండి. అన్నదమ్ముల్లో ఒకరు అమ్మేశాక అమెరికాలో ఉన్న రెండోవాడికి హఠాత్తుగా నాన్నగారి కారు మీద ప్రేమ పుట్టుకొస్తుంది.

ఫ్యాక్టరీ రికార్డు ఎలా తెప్పించుకోవాలి?

చాలా కంపెనీల బండ్లకు ఇది సాధ్యమే, మనవాళ్లు అడగరంతే. ఇంగ్లండ్‌లోని రోల్స్ రాయిస్ ఎన్‌థూజియాస్ట్స్ క్లబ్ దగ్గర పాత ఛాసిస్ కార్డులున్నాయి. బండి ఎవరికి, ఏ బాడీతో వెళ్లిందో వాటిలో ఉంటుంది. మెర్సిడెస్ వాళ్లు డేటా కార్డు అంటారు, అందులో రంగు, లోపలి గుడ్డ కోడ్ కూడా ఉంటాయి. ఆస్టిన్, మోరిస్, స్టాండర్డ్ లాంటి బ్రిటిష్ బండ్లకు గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం సర్టిఫికెట్ ఇస్తుంది. పని మొదలుపెట్టకముందే తెప్పించుకోండి. రంగు వేసేశాక వచ్చిన కార్డులో వేరే రంగు కనబడితే ఆ బాధ చెప్పుకోలేనిది.

పెర్కిన్స్ డీజిల్ ఇంజన్ వేసిన డాడ్జ్ చవగ్గా వస్తోంది. కొనాలా?

మన దక్షిణాదిలో ఇది పాత జబ్బు. మద్రాసులో సింప్సన్ కంపెనీ పెర్కిన్స్ డీజిల్ ఇంజన్లు తయారుచేసేది. పెట్రోలు ఖర్చు తట్టుకోలేక పెద్ద పెద్ద అమెరికన్ బండ్లకు అవి బిగించి ట్యాక్సీలుగా తిప్పారు. ఆ బండ్లు అలాగే బతికాయి, లేకపోతే ఎప్పుడో తుక్కయ్యేవి. అందుకని ఆ డీజిల్‌ను నేను తిట్టను.

అయితే ఇంజన్ మారిన బండికి వింటేజ్ గుర్తింపు కష్టం. డీజిల్ బిగించడానికి ఛాసిస్ అడ్డ దూలం (క్రాస్ మెంబర్) కోశారా, ఇంజనుకూ మనుషులకూ నడుమ గోడలాంటి బల్క్‌హెడ్ కొట్టారా చూడండి. కోయకపోయి, అసలు ఇంజన్ షెడ్డు మూలన పడి ఉంటే వెంటనే కొనండి. కోసి ఉంటే ధర సగానికి అడిగినా తక్కువ అడిగినట్టు కాదు.

వింటేజ్ రిజిస్ట్రేషన్ ఎలా? ఎంతవుతుంది?

కేంద్రం 2021లో మోటారు వాహనాల నిబంధనల్లో దీన్ని చేర్చింది. 50 ఏళ్లు దాటిన రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్లకు వర్తిస్తుంది. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ఫారం 20తో పాటు ఇన్సూరెన్స్, పాత ఆర్సీ, విదేశం నుంచి వచ్చినదైతే కస్టమ్స్ కాగితం బిల్ ఆఫ్ ఎంట్రీ పెట్టాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్‌కు 5,000. కొత్తగా ఇచ్చే నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అక్షరాలొస్తాయి. ఇప్పటికే రిజిస్టరై ఉన్న బండి పాత నంబరు ఉంచుకోవచ్చు. ఉంచుకోండి. ఆ నంబరు కూడా బండిలో భాగమే.

పెళ్లిళ్లకు అద్దెకిచ్చి ఖర్చు రాబట్టుకోవచ్చా?

రాబట్టుకోలేరు. వింటేజ్ కింద రిజిస్టరైన బండిని రోజువారీ తిరగడానికీ, వ్యాపారానికీ వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతు, వీటికే రోడ్డెక్కాలి. మామూలు ప్రైవేటు నంబరున్న బండినైనా అద్దెకు తిప్పకూడదు. అద్దె సంగతి అలా ఉంచండి, ముహూర్తానికి పెళ్లికొడుకును మోసుకెళుతూ మండుటెండలో బైపాస్ మీద ఆగిపోయిన బండి పక్కన నిలబడి చూడండి, ఆ ఆలోచన మళ్లీ రాదు.

"ఒరిజినల్‌గా బాగుచేయడం" అంటే ఏమిటి? కొత్తదానిలా మెరవాలి కదా?

ఈ పేజీ రాయడానికి కారణం ఈ ప్రశ్నే.

నేను చేయించిన రెండో బండి 1920ల నాటిది. దాని హెడ్‌లైట్లు, రేడియేటర్ చట్రం మసకబారి పసుపు ఛాయలో ఉండేవి. మా మేస్త్రీ, ఆయనకు అప్పటికే డెబ్బై దాటాయి, "అట్నే వదిలేయండి సామీ, గుడ్డతో తుడిస్తే చాలు" అన్నాడు. నేను వినలేదు. ఒక ప్లేటింగ్ షాపుకు ఇచ్చి క్రోమ్ వేయించాను. అద్దంలా వచ్చాయి. ఊరంతా చూపించుకున్నాను. ఆ తర్వాత ఒక ర్యాలీలో ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, కార్ల మీద క్రోమ్ వచ్చిందే 1920ల చివర్లో కదా, ఈ బండి అంతకు ముందుది, దీని మీద నికెల్ ఉండాలే అని నెమ్మదిగా అడిగాడు. నికెల్‌కు కాస్త వెచ్చటి పసుపు మెరుపు ఉంటుంది, క్రోమ్‌ది నీలం తిరిగిన తెలుపు. అంతకంటే పెద్ద తప్పు తర్వాత తెలిసింది. షాపులో బఫింగ్ (రుద్ది మెరుగు పెట్టడం) చేసేటప్పుడు దీపాల మీద ఉన్న తయారీదారు ముద్ర అరిగిపోయింది. నికెల్ మళ్లీ వేయించాను. ముద్రను ఎవరు తెచ్చిస్తారు?

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. ముందు తుడవాలి, తుడిస్తే సరిపోనిదాన్ని బాగుచేయాలి, బాగుకానిదాన్నే మార్చాలి. మార్చిన పాత ముక్కను పారేయకుండా పెట్టెలో పెట్టి పేరు రాయాలి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా ట్యూరిన్ చార్టర్ పేరుతో ఒక నియమావళి పెట్టుకుంది, దాని సారం కూడా ఇంచుమించు ఇదే. నేను అది చదివి నేర్చుకోలేదు, దీపాలు పాడుచేసుకుని నేర్చుకున్నాను.

ప్రతి నట్టు విప్పేముందు ఫోటో తీయండి. విప్పిన బోల్టులు చిన్న కవర్లలో వేసి ఎక్కడివో రాయండి. "గుర్తుంటుందిలే" అనేది షెడ్డులో మనం మనకే చెప్పుకునే మొదటి అబద్ధం.

అసలు రంగు ఏదో ఎలా తెలుస్తుంది?

రంగు మార్చినవాళ్లు తీరిక లేక వదిలేసే చోట్లుంటాయి. డ్యాష్‌బోర్డు వెనక, తలుపు కీలు కింద, స్పేర్ వీలు గుంతలో చూడండి. అక్కడ రూపాయి బిళ్లంత చోటును సన్నటి వాటర్ పేపర్‌తో నెమ్మదిగా రుద్దితే పొరలు ఉల్లిపాయలా వలయాలుగా బయటపడతాయి. అడుగున ప్రైమర్ పైన ఉన్నదే మొదటి రంగు. మీకు ఆ మట్టి రంగు నచ్చకపోవచ్చు, ఎరుపు బాగుంటుందని ఇంట్లోవాళ్లు అనొచ్చు. నచ్చకపోతే వేరే బండి కొనుక్కోండి.

1920ల నడుమ నుంచి చాలా కార్లకు నైట్రోసెల్యులోజ్ లాకర్ వాడారు. మనవాళ్లు ఇప్పటికీ డూకో అనేది దాన్నే. ఇప్పటి 2కే పెయింట్ (గట్టిపరిచే మందు కలిపి కొట్టేది) గట్టిది, ఎండకు ఆగుతుంది, కానీ తడిగా, ప్లాస్టిక్‌లా మెరుస్తుంది. నేను 2కే వేయించి పైమెరుపు కాస్త చంపిస్తాను. ఇది రాజీయే. మెటాలిక్ రంగు మాత్రం 1930 బండి మీద ఎక్కడ కనబడినా నాకు కళ్లు మంటపుడతాయి. పాత పెయింట్‌లో సీసం ఉంటుంది కాబట్టి పొడిగా రుద్దొద్దు, తడిపి రుద్దండి.

డ్యాష్‌బోర్డుకు ఎర్రచందనం, సీట్లకు కలంకారీ వేయించమంటున్నారు. ఎలా ఉంటుంది?

జైల్లో కూడా బాగానే ఉంటుంది. ఎర్రచందనం జోలికి పోకండి, దుంగ ఎక్కడిదో చూపించే కాగితం లేకపోతే బండితో సహా పోతుంది. ఇంగ్లిష్ బండ్ల లోపలి చట్రానికి యాష్ అనే చెక్క వాడేవాళ్లు. మనకు దొరకదు, అందుకని ఎండిన పాత టేకు వాడతాం. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలు మేలు. చెదలు తిన్న ముక్కను పారేయకుండా, దాన్నే అచ్చుగా పెట్టి కొత్తది కోయించండి.

శ్రీకాళహస్తి కలంకారీ అంటే నాకు ప్రాణం, గోడ మీద. సీట్లకు తోలే వేయాలి. ఆ విషయంలో మన అదృష్టం, రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి తోలు ఊళ్లు చిత్తూరుకు పక్కనే ఉన్నాయి. పాత సీటు ముక్క ఒకటి పట్టుకెళ్లి మందం, తోలు మీది గీతల తీరు పోల్చి కొనండి. పాత కుట్లు అంగుళానికి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి టైలరుకు చెప్పండి. లోపల గుర్రపు వెంట్రుకలు, స్ప్రింగులు బాగుంటే ఫోమ్ పెట్టొద్దు, కూర్చునే ఎత్తే మారిపోతుంది.

ముప్పై ఏళ్లుగా తిరగని ఇంజన్. బ్యాటరీ పెట్టి కొట్టొచ్చా?

కొట్టొద్దు. ఇంటికి తెచ్చిన రోజే కొట్టి పిస్టన్ రింగులు విరగ్గొట్టుకున్నవాళ్లు ఎందరో. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో కొంచెం ఆయిలూ డీజిలూ కలిపి పోసి వారం వదిలేయండి. ఆ వారంలో పెట్రోలు ట్యాంకు, ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంపు విప్పి కడగండి. ట్యాంకులో బెల్లం పాకంలాంటిది ఉంటుంది. తర్వాత చేత్తో తిప్పండి. కదలకపోతే బలం పెట్టొద్దు, ఇంకో వారం ఆగండి.

హ్యాండిల్‌తో తిప్పేటప్పుడు బొటనవేలిని మిగతా వేళ్ల పక్కనే పెట్టాలి, చుట్టూ పట్టకూడదు. ఇంజన్ వెనక్కి తన్నితే బొటనవేలు విరుగుతుంది. మా మేస్త్రీ కుడి బొటనవేలు వంకరగా ఉండేది, అడిగితే "షెవ్రొలే ఇచ్చింది" అనేవాడు.

సిలిండర్ బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్ మన దగ్గరే చేస్తారు. 1930ల బండ్లలో చాలావాటికి వైట్ మెటల్ అనే మెత్తటి లోహం కరిగించి పోసే బేరింగులుంటాయి. అవి పోయడం తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు, చెన్నై గానీ కోయంబత్తూరు గానీ పోవాలి. బ్లాకు పగిలి ఉంటే వెల్డింగ్ చేయించకండి, పోత ఇనుము వేడికి ఇంకో చోట పగులుతుంది. వేడి లేకుండా పిన్నులతో కుట్టే మెటల్ స్టిచింగ్ చేయించండి.

ఇప్పటి పెట్రోలు పాత ఇంజన్‌కు పడుతుందా?

రెండు సమస్యలు. దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో పోయింది. ఆ సీసం రక్షణ లేక, మెత్తటి వాల్వ్ సీట్లున్న (వాల్వులు ఆనే అంచులు) ఇంజన్ ఎక్కువ వేగంతో చాలా దూరం నడిస్తే అవి అరుగుతాయి. ఇంజన్ విప్పినప్పుడు గట్టి సీట్లు వేయిస్తే సరిపోతుంది. ఏడాదికి నాలుగు ర్యాలీలు తిరిగే బండికి దీని గురించి టెన్షన్ వద్దు.

అసలు టెన్షన్ ఇప్పటి పెట్రోలులో కలిపే 20 శాతం ఇథనాల్‌ది. అది గాల్లో తేమను పీలుస్తుంది, పాత రబ్బరు పైపుల్ని, కార్క్ ప్యాకింగుల్ని ఉబ్బించి మెత్తబెడుతుంది, ట్యాంకులో పేరుకున్న మడ్డిని లేపి కార్బురేటర్‌లోకి పంపిస్తుంది. పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌కు ఆగే విటాన్ రబ్బరు రకానికి మార్చండి, పైకి పాత గుడ్డ తొడుగు వేస్తే ఎవరికీ తెలియదు. గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం పలుచబడుతుంది కాబట్టి కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే రంధ్రం (జెట్) ఒక మెట్టు పెద్దది వేయాల్సి రావచ్చు. నెల కంటే ఎక్కువ నిలిపితే ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేయండి.

ఆరు వోల్టుల కరెంటును పన్నెండుకు మార్చాలా?

వద్దు. "ఆరు వోల్టులతో సెల్ఫ్ లాగదు" అంటారు. లాగకపోవడానికి కారణం ఎవరో పన్నెండు వోల్టుల బండి సన్నటి వైరు వేసి ఉండడం. వోల్టులు సగమైతే అదే పనికి రెట్టింపు కరెంటు పారాలి, దానికి లావు కేబుల్ కావాలి. కేబుల్, ఎర్త్ కనెక్షన్లు సరిచేస్తే అద్భుతంగా తిరుగుతుంది. పాత బ్రిటిష్ బండ్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలపడం) ఉంటుంది, బ్యాటరీ మార్చే కుర్రాడికి పక్కనే నిలబడి చెప్పండి.

మన ఎండల్లో వేడెక్కి ఆగిపోతోంది.

ముందు రేడియేటర్ చూడండి. మన బోరు నీళ్ల ఉప్పు కట్టి దారులు మూసుకుపోతాయి. కోర్ శుభ్రం చేయించి, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోయండి. బ్లాకు లోపలి తుప్పు మడ్డి కూడా తీయించాలి, దాన్ని అందరూ మరిచిపోతారు. నీళ్లు మరగకుండానే ఇంజన్ ఆగితే అది వేపర్ లాక్, పైపులోనే పెట్రోలు ఆవిరవుతోంది. తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగండి. మే నెలలో పగలు పదకొండు దాటాక నేనైతే బండి తీయను.

బ్రేకులు, టైర్లు కొత్త రకానికి మారిస్తే ఒరిజినాలిటీ పోతుందా?

కనబడని చోట ప్రాణం కాపాడే మార్పు చేస్తే నేను తప్పుపట్టను. హైడ్రాలిక్ బ్రేకుల గొట్టాలు కొత్తవి వేయండి, వీల్ సిలిండర్లకు స్టీల్ స్లీవ్ వేయించండి. డిస్క్ బ్రేకులు, పవర్ స్టీరింగ్, అల్లాయ్ వీల్స్ మాత్రం ఈ షెడ్డులో వినబడకూడని మాటలు. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉంటుంది, గాలి కొట్టి దుమ్ము ఎగరేయకండి, తడిగుడ్డతో తుడవండి. గేరుబాక్సులో జీఎల్-5 రకం గేరు ఆయిల్ పోయొద్దు, లోపలి ఇత్తడి, కంచు భాగాల్ని తినేస్తుంది. జీఎల్-4 చాలు.

సామాను ఎక్కడ దొరుకుతుంది?

చెన్నై పుదుపేట, జీపీ రోడ్డు, బెంగళూరు జేసీ రోడ్డు, శివాజీనగర్ గుజిరీ. తిరుపతి నుంచి పొద్దున్నే బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. పాత ముక్క చేతిలో పట్టుకెళ్లండి, ఫోనులో ఫోటో చాలదు. దొరకనివాటిని మంచి లేత్ మేస్త్రీ చేత చేయించాలి. రబ్బరు బీడింగులు, వెదర్ స్ట్రిప్పులు విదేశాల నుంచి తెప్పించుకోవడమే సుఖం.

మొత్తం ఎంతవుతుంది, ఎంతకాలం పడుతుంది?

మీరు వేసుకున్న లెక్కను రెట్టింపు చేయండి, ఆ కాగితం ఇంట్లోవాళ్లకు కనబడకుండా దాచండి. కాలం అయితే మూడేళ్లకు తక్కువ నేను చూడలేదు. ఒకేసారి బండంతా విప్పకండి. విప్పి గుట్టలు పోసి, ఉత్సాహం చల్లారాక గోనెసంచుల్లో అమ్మిన బండ్లే మార్కెట్లో ఎక్కువ. మేస్త్రీకి మొత్తం కాంట్రాక్టు ఇవ్వకుండా రోజు కూలీ ఇవ్వండి. కాంట్రాక్టు పెడితే తొందర పడతాడు, తొందరలో పాత ముక్క తుక్కులోకి పోతుంది.

పూర్తయ్యాక కొండకు తీసుకెళ్లి పూజ చేయించొచ్చా?

పూజ అలిపిరి పాదాల మండపం దగ్గర చేయించండి, మేమందరం అక్కడే చేయిస్తాం. కొండెక్కాలంటే అంత పాత బండిని వదులుతారో లేదో అలిపిరి చెక్‌పోస్టులో ముందే అడగండి. వదిలినా నేను వద్దంటాను. మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, రెండోది 1974లో. నా బ్యూయిక్ 1938ది, ఆ రెండు రోడ్ల కన్నా పెద్దది. వెనక బస్సులు హారన్ కొడుతుంటే మలుపుల్లో దాన్ని దించడం నా వల్ల కాదు. ఎప్పుడైనా ఏ ఘాట్ అయినా దిగాల్సి వస్తే, ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు వేయండి, బ్రేకు మీద కాలు ఆన్చి దిగకండి. నిమ్మకాయలు తొక్కించేటప్పుడు కూడా మెల్లగా తొక్కించండి, క్లచ్ ప్లేటు దొరకడం కష్టం.